ఫ్యాన్‌కి కాదు, వైరుకి డబ్బులు పెట్టండి

మా అంబాసిడర్ డ్యాష్‌బోర్డు అరలో ఒక స్విచ్ దాచిపెట్టుకోనుండా. మామూలు నల్ల టాగిల్ స్విచ్, ఆటో స్పేర్స్ అంగట్లో ఎక్కడైనా దొరికేదే. వెనక భాగం కరిగి పక్కకి జారి, మళ్ళీ గట్టిపడిపోయింది. రెండు ఇత్తడి కాళ్ళలో ఒకటి నీలంగా మారింది, దానికి అంటుకోని ఎర్ర వైరు ముక్క ఇంకా అట్టానే ఉంది. పాత కారు రేడియేటర్ చల్లబడడానికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకుందామని ఎవరైనా నన్ను అడిగితే ముందు ఈ స్విచ్ చేతిలో పెడతా, ఆ తర్వాతే మాట్లాడతా. ఎందుకంటే మన సైడు అందరూ ఏ ఫ్యాన్, ఎన్ని అంగుళాలు, ఎంత గాలి కొడుతుంది అని ఫ్యాన్ గురించే అడుగుతారు, వైరు గురించి అడిగినోడిని నేను ఇంతవరకు చూడలా. ఫ్యాన్ ఏదైనా తిరుగుతుంది. కారు కాలకుండా ఇంటికి రావాలంటే చూసుకోవాల్సింది వైరింగ్.

బండి మా మామది. 1986 మోడల్, పెట్రోలు, 1489 సీసీ ఇంజను. ఇరవై ఏళ్ళు పొదిలిలో తిరిగింది. ఆ పక్క బోరు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొదిలి, కనిగిరి అంటేనే ఫ్లోరైడు, ఉప్పు నీళ్ళు. ఆ నీళ్ళే రేడియేటర్లో కూడా పోశారు, వేరే నీళ్ళు యాడనుంచి తెస్తారు. బండి నా చేతికొచ్చి నెల్లూరు చేరినాక ఎండాకాలం వస్తే చాలు, హైవే మీద బాగానే పోయేది, ఊళ్ళోకొచ్చి నాలుగు సిగ్నళ్ళు ఆగితే వేడి చూపించే మీటరు సూది ఎక్కేసేది. మద్రాసు బస్టాండ్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరుక్కుంటే ఇంక నా కళ్ళు రోడ్డు మీద ఉండేవి కావు, మీటరు మీదే.

ఇది ఎందుకవుతుందో చెప్పడం తేలిక. అంబాసిడర్ ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది, బెల్టు తిప్పుతుంది, అంటే ఇంజను ఎంత జోరుగా తిరిగితే ఫ్యాన్ అంత జోరు. హైవే మీద 60, 70లో పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది, అప్పుడు ఫ్యాన్ అవసరం తక్కువ, కానీ అది అప్పుడే గిర్రున తిరుగుతూ ఇంజను బలం తింటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గాలి నిజంగా కావాలి, అప్పుడేమో ఐడిల్‌లో, అంటే ఆగున్న బండిలో ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు, ఉసూరుమంటూ తిరుగుతుంది. కావాల్సినప్పుడు చాలదు, అక్కర్లేనప్పుడు ఎక్కువ. అందుకే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆలోచన తప్పు అని నేను అనను. మారుతి 800 వచ్చిన 1983 నుంచి మన దేశంలో చిన్న కార్లన్నీ మెల్లగా ఆ దారికే వచ్చాయి. "కంపెనీ ఇచ్చింది ముట్టుకోబాక" అనే పెద్దవాళ్ళంటే నాకు గౌరవమే, కానీ ఆ బండి డిజైను చేసినోళ్ళు నెల్లూరు రోహిణీ కార్తెనీ, మన ట్రాఫిక్‌నీ లెక్కలో పెట్టుకోని చేయలేదు కదా.

సరే, ఒక షెడ్డులో పెట్టించా. ఏ షెడ్డో చెప్పను, ఎందుకంటే అందరూ అట్టానే చేస్తున్నారు. పన్నెండు అంగుళాల ఫ్యాను, ఇగ్నిషన్ స్విచ్ వెనకనుంచి ఒక వైరు లాగి, డ్యాష్‌బోర్డులో టాగిల్ స్విచ్ పెట్టి, దాన్నుంచి నేరుగా ఫ్యాన్‌కి. ఇంటి వైరింగ్‌లో లైట్లకి వాడే 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు. ఫ్యూజ్ లేదు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, విడదీసే రిలే లేదు. ఎర్త్ వైరు, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే వైరు, రేడియేటర్ సపోర్టు బోల్టు కింద, పెయింట్ మీదనే. "వేడెక్కితే స్విచ్ వెయ్యన్నా, తగ్గితే ఆపు, డైరెక్ట్, ఏ తలనొప్పీ ఉండదు" అన్నాడు. గంటలో పని అయిపోయింది, నేను కూడా సంతోషంగా డబ్బులిచ్చి వచ్చా.

బండి మాత్రం మొదటి వారమే నాకు చెప్పింది, నేనే వినలా. ఫ్యాన్ వేయగానే ఐడిల్ కొంచెం కుంగేది. ఇంకోటి, ఫ్యాన్ తిరుగుతుండగా తాళం ఆపేస్తే ఇంజను వెంటనే ఆగేది కాదు, ఒకటి రెండు సెకన్లు తిరిగి అప్పుడు ఆగేది. కార్బురేటర్ ఏమో అనుకున్నా. అసలు సంగతి ఏంటంటే, కరెంటు ఆగినా ఫ్యాన్ రెక్కలు ఆ ఊపుకి ఇంకా తిరుగుతానే ఉంటాయి, తిరిగే మోటారు జనరేటర్ లాగా పనిచేస్తుంది, ఆ కరెంటు అదే వైరులో వెనక్కొచ్చి ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కి అందుతుంది, అందుకే తాళం ఆపినా ప్లగ్గుల్లో స్పార్క్ వస్తానే ఉంటుంది. మీ బండి ఇట్టా చేస్తుంటే ఫ్యాన్ ఇగ్నిషన్ లైను మీద వేలాడుతున్నట్టే లెక్క, ఇంకేం చూడక్కర్లేదు.

పోయిన సంవత్సరం మే నెలాఖరు, ఒంగోల్లో పెళ్ళి. నేను, మా ఆవిడ, పాప. కావలి దాటేదాకా ఏం లేదు. ఉలవపాడు దగ్గర మామిడికాయల సీజను, రోడ్డు పక్కన అంగళ్ళు వరసగా, కార్లు, లారీలు ఆగి ఒకటే జామ్. స్విచ్ వేశా. ఇరవై నిమిషాలు మెల్లగా జరుగుతూ ఉన్నాం. ముందు ఒక రకం వాసన వచ్చింది, చేపలు కాల్చినట్టు, ప్లాస్టిక్ కాలే వాసన మొదట్లో అట్టానే ఉంటుందని నాకు అప్పుడు తెలీదు. మా ఆవిడే "ఏందో కాలతా ఉంది" అంది. స్విచ్ ఆపుదామని వేలు పెడితే అది మెత్తగా లోపలికి దిగింది, ఆగలా. తీగలు లోపల అతుక్కపోయి ఫ్యాన్ ఇంకాసేపు తిరిగి, పొగ మొదలై, తర్వాత అదే ఆగిపోయింది. పాపని ఎత్తుకోని ఆవిడ అటు దూకింది, నేను బానెట్ ఎత్తి బ్యాటరీ తలకాయ పీకేశా. అది వదులుగా ఉండబట్టి చేత్తో వచ్చింది. స్పానర్ వెతుక్కోవాల్సొస్తే ఏమయ్యేదో నాకిప్పుడు కూడా ఆలోచించాలని లేదు.

పొగ తగ్గినాక రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే, పక్కన గంపలో బంగినపల్లి కాయలు పెట్టుకోని కూర్చున్న పెద్దామె అరిచింది, "అబ్బయ్యా, మూత తీయబాకయ్యా, మా వాడికి మొగమంతా కాలింది." ఆమె మాటే నా ముఖాన్ని కాపాడింది. నా బండి మూత 7 పౌండ్ల ఒత్తిడిని పట్టి ఉంచేది, ఆ ఒత్తిడికి లోపల నీళ్ళు 110 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణం ఒత్తిడి పోయి అన్నీ ఒక్కసారే ఆవిరై పైకి లేస్తాయి. ముక్కాలు గంట ఆమె దగ్గరే నీడలో కూర్చున్నాం. డబ్బులు తీసుకోకుండా పాపకి కాయ కోసి పెట్టింది.

బండిని ఇంకో కారుకి కట్టి కావలికి వెనక్కి తెచ్చాం. ఆడ ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. ఆయన కొత్త స్విచ్ పెట్టమంటే పెట్టలా. కాలిన చోట తాత్కాలికంగా అదే రకం వైరు, అదే రకం స్విచ్ కలిపి, ఫ్యాన్ తిప్పి, మీటరు పెట్టి చూపించాడు. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు. ఫ్యాన్ కాళ్ళ దగ్గర 10.1. "రెండు వోల్టులు యాడికి పోయినాయి, చెప్పు" అన్నాడు. ఫ్యాన్ 8 యాంప్స్ చిల్లర తీసుకుంటుంది. రెండు వోల్టులు, ఎనిమిది యాంప్స్, అంటే 16, 17 వాట్లు. ఇంట్లో పడుకునేటప్పుడు వేసుకునే పాతకాలం ఫిలమెంట్ జీరో బల్బు తినేంత కరెంటు వైర్లలో, స్విచ్‌లో, ఎర్త్ బోల్టు కింద వేడిగా మారిపోతా ఉంది. ఆ పాత రకం జీరో బల్బుని కాసేపాగి పట్టుకోని చూడండి, ఎంత కాలుతుందో. అందులో సగం వేడి వేలెడంత స్విచ్‌లో పుడితే అది కరగక ఏమవుతుంది. పైగా కాంటాక్ట్ వేడెక్కితే నల్లబడుతుంది, నల్లబడితే కరెంటుకి అడ్డం ఇంకా ఎక్కువవుతుంది, దాంతో ఇంకా వేడి. అందుకే రోజూ రెండు మూడు నిమిషాలు వేసినన్నాళ్ళు ఏం కాలేదు, ఆ రోజు ఇరవై నిమిషాలు వరసగా తిరిగేసరికి పోయింది.

ఇంకో లెక్క కూడా చెప్పాడు. 12.2 అందాల్సిన మోటారుకి 10.1 అందితే వేగం ఇంచుమించు ఆరో వంతు పడిపోతుంది, గాలీ అంతే. అంటే నేను డబ్బులు పెట్టి కొన్న గాలిలో ఒక భాగం వైర్లకే పోయింది. నాకు వైరు మీద ఇంత పట్టుదల రావడానికి ఇదే కారణం. పెద్ద ఫ్యాన్ కొంటే పెద్ద గాలి వస్తుందనుకుంటారు, సన్న వైరు మీద పెద్ద ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువ పోతుంది. రాగి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, 1 స్క్వేర్ వైరు మీటరుకి 0.017 ఓమ్, 4 స్క్వేర్ వైరు అందులో నాలుగో వంతు. పోనురాను 5 మీటర్లు వేసుకుంటే 8 యాంప్స్ దగ్గర మొదటిదానికి 0.7 వోల్టు పోతుంది, రెండోదానికి 0.2 కూడా పోదు. మిగతాదంతా జాయింట్లు, స్విచ్, ఎర్త్.

నెల్లూరొచ్చినాక మొత్తం పీకేసి మళ్ళీ మొదలుపెట్టా. ఫ్యాన్ జోలికి పోకముందు రేడియేటర్. ట్యాంకు ఊడదీయించి గొట్టాల్లో సన్నటి కమ్మీ పెట్టి పొడిపిస్తే పొదిలి సున్నమంతా తెల్లగా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది, ఆ పెళ్ళలు చేతిలో పట్టుకుంటే బాధేసింది, ఇన్నేళ్ళు ఆ ఇంజను ఊపిరాడకుండా తిరిగింది. నిజం చెప్పాలంటే మన జిల్లాల్లో ఫ్యాన్ కోసం వచ్చే పాత బళ్ళలో చాలావాటికి కావాల్సింది ఫ్యాన్ కాదు, ఈ పనే. ఇప్పుడు కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయను. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్ కూడా ఎవరో ఎప్పుడో తీసిపారేశారు, "మన వేడికి అది ఎందుకు" అని, 82 డిగ్రీలది కొత్తది వేయించా.

ఆ తర్వాత ఎవరూ చెప్పని విషయం, డైనమో. కరెంటు పుట్టించడానికి పాత అంబాసిడర్లలో చాలావాటికి ఐడిల్‌లో కూడా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ కాదు, పాత రకం డైనమో ఉంటుంది, నాదీ అంతే. అది బాగా తిరిగితే 22 యాంప్స్ ఇస్తుంది, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర లైటు మిణుకుమంటుంది. ఫ్యాన్ కావాల్సింది ఎప్పుడు? ఐడిల్‌లోనే. అంటే ఫ్యాన్ తినేదంతా బ్యాటరీలోంచే. రాత్రిపూట, వానలో లెక్కేయండి, 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిపి 9 యాంప్స్, వైపర్ 3, ఇగ్నిషన్ 4, ఫ్యాన్ 8, మొత్తం 24. డైనమో ఎంత తిరిగినా అందుకోలేదు. పినాకిని రైల్లో మద్రాసు పోయి, పాత బళ్ళ సామాన్లు అమ్మే పుదుపేటలో రెండు గంటలు తిరిగి సెకండ్ హ్యాండ్ ఆల్టర్నేటర్ తెచ్చుకున్నా, బ్రాకెట్ నెల్లూరు లేత్‌లో చేయించా. ఈ పని చేయకుండా ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆల్టర్నేటర్ పెట్టినా దాన్నుంచి బ్యాటరీకి పోయే పాత వైరు అట్టానే ఉంచబాకండి, అదీ లావుది వేయాలి.

ఇప్పుడు వైరింగ్. బ్యాటరీ ప్లస్ నుంచి 4 స్క్వేర్ వైరు, జానెడు దూరంలోనే 20 యాంప్స్ ఫ్యూజ్. జానెడు అని ఎందుకంటున్నా అంటే ఫ్యూజ్ కాపాడేది ఫ్యాన్‌ని కాదు, తన తర్వాత ఉన్న వైరుని. ఫ్యాన్ దగ్గర ఫ్యూజ్ పెడితే మధ్యలో వైరు ఒరుసుకోని బాడీకి తగిలినప్పుడు దాన్ని ఆపేదేమీ ఉండదు. 8 యాంప్స్ ఫ్యాన్‌కి 20 ఎందుకంటే మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం చాలా ఎక్కువ లాగుతుంది, 10ది పెడితే ఊరికే పోతుంది. ఫ్యూజ్ నుంచి రిలే మీద 30 అని అంకె ఉన్న కాలుకి. 87 అని ఉన్న కాలు నుంచి ఫ్యాన్ ప్లస్‌కి. ఫ్యాన్ మైనస్‌కి కూడా అదే లావు వైరు, నేరుగా బ్యాటరీ మైనస్‌కి, బాడీని నమ్ముకోలేదు. కరెంటు పోవడానికి ఎంత దారి కావాలో రావడానికీ అంతే కావాలి, దీన్ని మాత్రం ఎందుకో అందరూ మర్చిపోతారు. మన సముద్రపు గాలికి రాగి మీద ఆరు నెలల్లో పచ్చటి చిలుము పడుతుంది, అందుకే వైరు కొనలకి వేసే లగ్గులు గట్టిగా నొక్కించి, వేడికి బిగుసుకునే స్లీవ్ వేసి, తలకాయలకి గ్రీజు పూశా. టేపు చుట్టి వదిలేసిన జాయింటు ఒక్కటి కూడా లేదు.

రిలేని కలిపే దాని లోపలి కాయిల్‌కి కరెంటు ఇగ్నిషన్ నుంచి 86వ కాలుకి వస్తుంది, 85వ కాలు నుంచి, నీళ్ళ వేడిని బట్టి తనే కలిసి విడిపోయే థర్మో స్విచ్ గుండా ఎర్త్‌కి పోతుంది. కాయిల్ తీసుకునేది యాంపులో ఐదో వంతు కూడా ఉండదు, కాబట్టి ఇక్కడ సన్న వైరు చాలు, ముప్ఫై ఏళ్ళు దాటిన ఇగ్నిషన్ స్విచ్ మీద బరువు పడదు. ఫ్యాన్ ఊపుతో వెనక్కొచ్చే కరెంటు కూడా ఇగ్నిషన్ కాయిల్ దాకా రాదు, తాళం ఆపితే ఇంజను ఠక్కున ఆగుతుంది. చేతి స్విచ్ పూర్తిగా తీసేయలేదు. థర్మో స్విచ్‌కి పక్కగా, అదే ఎర్త్ చేసేట్టు ఒకటి పెట్టుకున్నా, థర్మో స్విచ్ పోతే చేత్తో వేసుకోవడానికి. దాని గుండా పోయేది ఆ కాస్త కరెంటే కాబట్టి అది జన్మలో కరగదు. ఫ్యాన్ వైరునుంచే ఒక చిన్న లైటు డ్యాష్‌బోర్డుకి లాగా, ఫ్యాన్‌కి కరెంటు అందితే వెలుగుతుంది.

థర్మో స్విచ్ 92 డిగ్రీలకి కలిసి 87 డిగ్రీలకి విడిపోయేది. థర్మోస్టాట్ 82ది కాబట్టి విడిపోయే అంకె దానికంటే పైన ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఒకసారి మొదలయ్యాక ఆగదు. రేడియేటర్ పై రబ్బరు గొట్టాన్ని కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి దాంట్లో సెన్సర్, అంటే ఆ థర్మో స్విచ్, బిగించా. దీంట్లో ఒక చిక్కుంది, ఒకే కాలు ఉన్న సెన్సర్ అయితే దాని ఒళ్ళే ఎర్త్, కానీ అడాప్టర్‌కి రెండు పక్కలా రబ్బరే కదా, ఎర్త్ యాడనుంచి వస్తుంది? నేను పెట్టిన రోజు ఫ్యాన్ తిరగలా, గంటసేపు రిలే మార్చి మార్చి చూశా, చివరికి అడాప్టర్‌కి విడిగా ఎర్త్ వైరు వేస్తే క్లిక్‌మంది. ఇంకోటి, నీళ్ళు తగ్గి సెన్సర్ గాల్లో ఉండిపోతే అది వేడి సరిగ్గా చూపించదు, ఫ్యాన్ రాదు. ఆటోమేటిక్ ఉంది కదా అని నీళ్ళు చూడడం మానకండి.

బిగింపు గురించి ఒకే మాట. రేడియేటర్ రెక్కల మధ్యనుంచి ప్లాస్టిక్ టైలు దూర్చి ఫ్యాన్ వేలాడదీస్తారు, అది అదురుకి గొట్టాలని కోసేస్తుంది. ఇనప పట్టీలు చేయించి రేడియేటర్ పక్క బోల్టులకి బిగించండి. పాత ఫ్యాన్ తీసేసినాక పుల్లీ బోల్టులు దాని మందం మేర పొడుగైపోతాయి, పొట్టివి వేసుకోవాలి.

"ఇంత తతంగం ఎందుకు, మనిషి చేతిలో స్విచ్ ఉంటే చాలదా" అని మా మామే అడిగాడు. చాలదు మామా. డ్రైవరుకి రోడ్డుంది, పక్కన పాప ఏడుస్తుంటుంది, ఎదురుగా లారీ వస్తుంటుంది, సూది ఎక్కింది చూసేసరికి సిలిండర్ హెడ్ గాస్కెట్ పోయుంటుంది. ఖర్చు సంగతి అంటారా, రిలే, బేసు, ఫ్యూజ్ హోల్డరు, లావు వైరు, లగ్గులు కలిపి నాకు వెయ్యి రూపాయలు దాటలా. షెడ్డులో మిగిల్చింది ఆ వెయ్యి. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, కాలిపోయిన వైరింగ్ సెట్టుకి మళ్ళీ ఒరిజినల్ దొరకదు.

మీ బండికి ఇప్పటికే ఫ్యాన్ ఉంటే ఈ రాత్రే ఒక పని చేయండి. పది నిమిషాలు తిప్పి, ఆపేసి, వైరు పొడుగునా, ఫ్యూజ్ హోల్డరు మీద, ఎర్త్ బోల్టు మీద చెయ్యి పెట్టి చూడండి. బానెట్ కింద అన్నీ వేడిగానే ఉంటాయి కాబట్టి కరెంటు పోని ఇంకో వైరుని పక్కన పట్టుకోని పోల్చుకోండి. ఈ మే నెలలో మళ్ళీ ఒంగోలు పోతూ ఉలవపాడులో అదే జామ్‌లో అరగంట ఇరుక్కున్నాం. మా ఆవిడ ఆ పెద్దామె దగ్గర కాయలు ఏరుతుంటే నేను బానెట్ ఎత్తి ఒక చేత్తో ఫ్యాన్ వైరు, ఇంకో చేత్తో హారన్ వైరు పట్టుకున్నా. కళ్ళు మూసుకుంటే ఏది ఏదో తెలీలా.